సదస్సులో రెండో కుర్చీ

మొన్న ఉదయం నల్లగండ్లలో మా అపార్టుమెంటు బాల్కనీలో కూర్చుని కరివేపాకు దూస్తుంటే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే నెల హైటెక్ సిటీలో జరగబోయే సాంస్కృతిక పరిణామ అధ్యయన సదస్సుకు తాను కార్యదర్శినని, ప్రారంభ కార్యక్రమంలో నేను వేదిక మీద కూర్చోవాలని సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో ఎంతో మర్యాదగా అడిగింది.

"మన సదస్సులో ప్రారంభోపన్యాసం ఉండదు మేడమ్. స్టేజీ మీద రెండు కుర్చీలే. ఒకరు అడుగుతారు, ఒకరు చెప్తారు. అది మన ట్రెడిషన్," అని నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు వివరించింది.

అలా ఎందుకు మొదలైందో తెలుసా అమ్మా అని అడిగాను.

"పెద్దా చిన్నా తేడా ఉండకూడదని ఫౌండర్స్ డిసైడ్ చేశారంట మేడమ్," అంది.

వస్తానని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను. కరివేపాకు ఒళ్ళో అలాగే ఉండిపోయింది గానీ మనసు మా గురువుగారి దగ్గరికి వెళ్ళిపోయింది.

సాంస్కృతిక పరిణామం అంటే ఏమిటని మా చుట్టాలు నన్ను ఇప్పటికీ అడుగుతారు, నేను చెప్పబోయేలోగా వాళ్ళే మాట మార్చేస్తారు. ఒక పాట, ఒక వంట, ఒక ఆట, ఒక మాట మనిషి నుంచి మనిషికి చేరేటప్పుడు అందులో ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది, ఎందుకు మారుతుంది అని చూడడమే మా పని. కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి ప్రగతి నగర్‌లో అద్దెకు దిగిన నాకు, చందానగర్ మార్కెట్ వెనక సొంతిల్లు ఉన్న గురువుగారు ఆ చూపు నేర్పారు. మాది ఒకే కాలేజీ, ఖాళీ దొరికితే ఆయన క్లాసులో వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఆయనది అచ్చమైన తెలంగాణ మాట. నేను ప్రతి వాక్యానికీ 'అండీ' తగిలించేదాన్ని. కొన్నేళ్ళు గడిచాక ఒకరోజు స్టాఫ్ రూములో ఆయన నా వైపు చూసి నవ్వుతూ, "నీ అండీలు తగ్గినయి, చూసుకున్నవా?" అన్నారు. అప్పటిదాకా నేను గమనించుకోనేలేదు. ఆయన పాఠాలన్నీ అలాగే ఉండేవి, ఎక్కడో పుస్తకంలోవి కాకుండా ఎదుటి మనిషి నోట్లోంచే తీసి చూపించేవారు.

మా సదస్సులు మొదట్లో కాలేజీ తరగతి గదుల్లోనే జరిగేవి, ఫ్యాను కింద చోటు కోసం పోటీ పడుతూ. తరువాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు తమ ఆడిటోరియం ఇస్తామన్నారు, దాంతో మేమంతా హైటెక్ సిటీకి చేరుకున్నాం. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆ దారిలో సగం అద్దాల మేడలు, సగం బండరాళ్ళు. లోపల ఏసీ ఎంత చలిగా ఉండేదంటే ఆడవాళ్ళమంతా శాలువాలు తెచ్చుకునేవాళ్ళం, గురువుగారు మండు వేసవిలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకునేవారు. మధ్యాహ్నం బగారా అన్నం దగ్గర మొదలైన వాదాలు చేతులు ఎండిపోయేదాకా సాగేవి, మా కోస్తావాళ్ళం మాత్రం మధ్యలో పెరుగన్నం ఎక్కడుందా అని వెతుక్కునేవాళ్ళం.

నేను ఆ సదస్సులకు ఎప్పుడూ నిర్వాహకురాలినే. అతిథుల్ని పిలవడం, మైకులు సరిచూడడం నా పని. వేదిక ఎక్కాలంటే భయం, అందుకే ఏదో ఒక పని కల్పించుకుని పక్కకు తప్పుకునేదాన్ని.

ఒక ఏడాది ప్రారంభోపన్యాసం గురువుగారిదే. ఆయన రిటైరై కొన్నేళ్ళయింది. దానికి ముందు రోజు అమ్మగారు, అంటే ఆయన భార్య, నాకు ఫోన్ చేశారు. "సారుకు ఈ మధ్య యాది ఉంటలేదమ్మా. చెప్తే ఒప్పుకోరు. జర నువ్వు పక్కకే ఉండు," అన్నారు. పెద్ద వయసు మతిమరుపే అనుకుని సరేనన్నాను.

ఆ రోజు హాలు నిండిపోయింది. కంపెనీ కుర్రవాళ్ళు కూడా వెనక వరసల్లో కూర్చున్నారు. గురువుగారు నిలబడి ఎప్పటిలాగే కాగితం లేకుండా మొదలుపెట్టారు. చందానగర్ వీధుల్లో పిల్లలు ఆడే తొక్కుడుబిళ్ల గురించి చెప్పారు. అక్కడి పిల్లలు గళ్ళు ఒక తీరుగా గీస్తే, కోస్తా నుంచి, రాయలసీమ నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లలు ఇంకో తీరుగా గీసేవారట, కొన్నాళ్ళు కొట్టుకున్నారట, చివరికి రెండు వర్గాలకూ చెందని మూడో రకం గళ్ళు వాళ్ళంతట వాళ్ళే తయారు చేసుకున్నారట. జనం హాయిగా నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకో రెండు ముక్కలు మాట్లాడి మళ్ళీ చందానగర్ వీధుల్లోకి వచ్చారు. అదే ఆట, అవే మాటలు. కావాలనే మళ్ళీ చెబుతున్నారనుకుని కొందరు నవ్వారు. మూడోసారి మొదలుపెట్టేసరికి నవ్వు ఆగిపోయింది. వెనక వరసల్లో ఫోన్లు బయటికొచ్చాయి, తలలు వాటిలోకి వంగాయి. అధ్యక్షత వహిస్తున్న పెద్దమనిషి ధన్యవాదాలు చెప్పి ముగించేద్దామని కింద ముందు వరసలోంచి సగం లేచారు. మొదటి వరసలో అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తున్నారు.

జీవితమంతా మాట మీద బతికిన మనిషిని అందరి ముందూ అలా మధ్యలో కూర్చోబెట్టేస్తారన్న ఊహ నన్ను నిలవనివ్వలేదు. వేదిక పక్కన మడిచిపెట్టిన ఇనుప కుర్చీ ఒకటి కనబడితే దాన్ని ఈడ్చుకుంటూ పైకి వెళ్ళాను. అది చేసిన కీచుమనే చప్పుడుకు హాలంతా తలెత్తింది.

"సార్, ఒక సందేహమండీ," అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆ ఆటతో పాటు పిల్లలు పాడుకునే పాటలు కూడా మారాయని క్లాసులో చెప్పేవారు. అవెలా మారాయండీ?"

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. ముందు చిరాకు, ఆ వెంటనే ఏదో జరిగిందని తెలిసిపోయిన బెదురు. హాలు వైపు ఒకసారి చూశారు, అమ్మగారి వైపు చూశారు. మెల్లగా తన కుర్చీలో కూర్చున్నారు.

"మంచి ప్రశ్న అడిగినవ్. కూసో, చెప్త," అన్నారు.

ఆ తరువాత చీకట్లో మెట్లు దిగే పెద్దవాళ్ళకు ఒక్కో మెట్టూ చెబుతూ దించినట్టు, ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ వచ్చాను. ఆట వైపు మళ్ళినప్పుడల్లా, ఆ సంగతి అయిందండీ, పెళ్ళిపాటల సంగతి చెప్పండి, పచ్చళ్ళ సంగతి చెప్పండి అంటూ దారి మళ్ళించాను. అడిగినదానికల్లా ఆయన దగ్గర జవాబు ఉంది, అదీ పాతికేళ్ళ కిందటి మెరుపుతో. దాచిన చోటు గుర్తులేదు గానీ దాచినవన్నీ అలాగే ఉన్నాయి. ఫోన్లు లోపలికి వెళ్ళిపోయాయి. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తిరిగి చందానగర్‌కు నేనే కారులో దింపాను.

"ఎన్నిసార్లు చెప్పిన ఆ బిళ్ల ముచ్చట?" అని ఆయనే అడిగారు.

వెనక సీట్లోంచి అమ్మగారు, "ఎన్నిసార్లయితే ఏంది, మంచిగనే ఉండె గదా," అన్నారు.

ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఇగ నన్ను స్టేజీ ఎక్కియ్యకు. నువ్వు ఎక్కు. ఇయ్యాల ఎక్కినవ్ గదా, ఏమైంది?" అన్నారు. ఆ తరువాత నేను వేదికలు ఎక్కడం నేర్చుకున్నాను. భయం మాత్రం పూర్తిగా పోలేదు.

మరుసటి ఏడాది ఎవరో ఆ రోజు ఫోటోలు చూసి వేదిక మీద రెండు కుర్చీలు వేయించారు. వచ్చిన వక్త తన పక్కన ఎవరు కూర్చుంటారని అడిగితే మరొకరిని కూర్చోబెట్టారు. ఆ పైయేడు అదే రివాజు అయిపోయింది. పుణె నుంచి వచ్చినవాళ్ళు అది చూసి తమ సదస్సులోనూ పెట్టుకుని, మధ్యలో చిన్న బల్ల, దాని మీద పూలకుండీ కూడా చేర్చారని విన్నాను. ఆ రోజు నేను కుర్చీ ఎందుకు ఈడ్చుకెళ్ళానో అసలు సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరు ముగ్గురం. గురువుగారి ముఖం గుర్తొచ్చి మేమెవరమూ బయటికి చెప్పలేదు. ఇప్పుడు ఆయనా లేరు, అమ్మగారూ లేరు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆఖరి రోజుల్లో నేను వెళితే గుర్తుపట్టేవారు కాదు. అయినా ఎవరో మర్యాదస్తురాలు వచ్చిందన్నట్టు కుర్చీ చూపించేవారు. ఒకసారి, "ఏం పని చేస్తవమ్మా నువ్వు?" అని అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. పాటలు ఎలా మారతాయో, మాటలు ఇల్లు మారితే ఏమవుతాయో, నాకు ఆయన చెప్పినవన్నీ ఆయనకే కొత్తగా చెప్పాను. చిన్నపిల్లవాడిలా ముందుకు వంగి విన్నారు.

"మంచిగుంది. ఎవరు నేర్పిన్రు నీకు?" అన్నారు.

"మా గురువుగారండీ."

"మంచోడే ఉన్నట్టున్నడు," అన్నారు తృప్తిగా. అమ్మగారు చాయ్ తెస్తానని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు సదస్సులో ఎవరు నోరు తెరిచినా అది కెమెరాల్లోకి ఎక్కి, సాయంత్రానికల్లా ఫోన్లలో ఉంటుంది. రాలేకపోయినవాళ్ళకు ఏం చెప్పారో మనం చెప్పనక్కరలేదు, వాళ్ళే చూసుకుంటారు. గురువుగారి ఆనాటి మాటలను ఎవరూ రికార్డు చేయలేదు. ఆ హాల్లో ఉన్నవాళ్ళం ఎప్పుడైనా కలుసుకుంటే, ఆయన ఒక పాట పాడారని ఒకరు, పాడలేదు, చాక్‌పీసుతో వేదిక మీద గళ్ళు గీశారని ఇంకొకరు వాదించుకుంటాం. పక్కనే కూర్చున్నదాన్ని నేనే గనుక నన్ను తీర్పు చెప్పమంటారు, నాకూ ఇప్పుడు సరిగా తెలియడం లేదు. మా జ్ఞాపకాల్లో వచ్చిన ఈ తేడాలు వింటే ఆయన ముచ్చటపడి ఇంకో ఉపన్యాసం తయారు చేసుకునేవారు. నాకు మాత్రం ఆ గొంతు ఉన్నదున్నట్టుగా, ఒక్కసారి వినాలని ఉంటుంది.