సత్యత్త ఫొటో, అమ్మ పెళ్ళినాటి స్టీలు పళ్ళెం

మా చిన్నప్పుడు... రేవు పక్క వన్‌టౌన్‌లో మేమున్న రెండు గదుల పోర్షన్‌లో ముందు గది, ఒక ఆదివారం పొద్దున్న ఉన్నట్టుండి ఫొటో స్టూడియో అయిపోయింది. మంచం ఎత్తి గోడకి నిలబెట్టేశారు. బియ్యం డబ్బా వంటింట్లోకి పోయింది. నన్ను గుమ్మం మీద కూలేసి, కదిలితే వీపు చిట్లుతుందని చెప్పారు.

ఇదంతా మా సత్యత్త కోసం...

సత్యత్త నాన్నకి చెల్లెలు. ఊళ్ళో ఇంటర్ అయ్యాక మా ఇంట్లోనే ఉండేది. ఎడమ చెంప మీద ఆమెకో తెల్లమచ్చ. ఎవరైనా ఎదురుపడితే చాలు, ఓణీ చెంగు దానంతటదే చెంప మీదకి వచ్చేసేది. అంత అలవాటైపోయింది పాపం.

ముందు ఏడాది నర్సు ట్రైనింగ్ పరీక్ష కోసం ఫొటో తీయించుకుంది. స్టూడియో ఆయన మంచి చేద్దామనే అనుకున్నాడు... సన్నటి బ్రష్ పెట్టి ఆ మచ్చని శుభ్రంగా చెరిపేశాడు. పరీక్ష రోజు గేటు దగ్గర హాల్ టికెట్ చూసినాయన "ఈ ఫొటోలో అమ్మాయివి నువ్వు కాదు" అని ఆపేశాడు. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి లోపలికి వెళ్ళేసరికి సగం టైం అయిపోయింది. ఆ ఏడాది అలా పోయింది.

మళ్ళీ అప్లికేషన్లు వచ్చాయి. వయసు దాటిపోతే ఇంక రాయనివ్వరు, అదే ఆఖరి అవకాశం. అత్త మాత్రం "నాను ఏ స్టూడియోకీ ఎల్లను. పరీచ్చా వద్దు, ఏటీ వద్దు" అని మొండికేసింది.

నాన్న రేవులో క్రేన్ నడిపేవారు. "నువ్వు ఎక్కడికీ ఎల్లక్కర్నేదు. ఇంట్లోనే ఎట్టేద్దాం స్టూడియో" అన్నారు, అదేదో పకోడీలు వేసినంత తేలిగ్గా.

కెమెరా తోటి డ్రైవర్ దగ్గర అడిగి తెచ్చారు. రీలు ఒక్కటే కొన్నది... మిగతాదంతా ఇంట్లో సామానే. వెనక తెరకి అమ్మ తెల్ల దుప్పటి ఉతికి డాబా మీద ఆరేసింది. రేవు గాలి తెలిసిందేగా, సాయంత్రానికి దాని నిండా నల్లటి బొగ్గు దుమ్ము. అమ్మ మళ్ళీ ఉతికి, మరక కనపడకూడదని నీలిమందు గుప్పించేసింది. దుప్పటి ఒక చోట నీలం, ఒక చోట తెలుపు... నాన్న తల పట్టుకున్నారు. పక్కింటి పిన్నిగారు మాత్రం తొంగి చూసి "ఓలమ్మ! మబ్బులేయించారేటి!" అని మురిసిపోయింది.

లైట్లు లేవు, ఉన్నది ఒక్క కిటికీ. కిటికీ వైపు చెంప బాగానే ఉంటుంది గానీ రెండో వైపు చీకటి. దానికి నాన్న ఒక ఉపాయం కనిపెట్టారు. అమ్మకి పెళ్ళిలో పెట్టిన పెద్ద స్టీలు పళ్ళెం... అంచున అమ్మ పేరు చెక్కి ఉండేది. అమ్మ దాన్ని అద్దంలా పట్టుకుని కిటికీ వెలుగుని రెండో చెంప మీదకి తిప్పేది. ముఖం మొత్తం వెలిగిపోయేది!

సంగతి పాకేసింది. వరసలో ఉన్న ఇళ్ళవాళ్ళంతా పౌడర్లు కొట్టుకుని మబ్బుల తెర ముందు కూర్చోడానికి వచ్చేశారు. నాన్న మొహమాటస్తుడు, ఎవరినీ కాదనలేదు. చివరికి అత్త కూర్చుంది. అమ్మ పళ్ళెం ఎత్తబోతే నాన్న "వద్దులే, వెలుగు సాలు" అన్నారు.

ఫొటోలు కడిగించుకొచ్చాక చాప మీద పరిచాం. అందరి ముఖాలూ రెండు వైపులా కళకళలాడుతున్నాయి. అత్త ఒక్కదానికే ఎడమ చెంప నీడలో ఉంది. మచ్చ ఎక్కడా లేదు.

అత్త చాలాసేపు చూసింది. "అందరికీ పళ్ళెం ఎట్టించావు గదా అన్నియ్యా... నాకేటి ఎట్టించనేదు?"

నాన్న ఫొటోలు పోగుచేయబోయారు.

"ఆడు బ్రెష్షుతో దాసేసాడు. నువ్వు సీకట్లో దాసేసావు. అంతేగా?"

కోపమొస్తే ఇల్లెగిరిపోయేలా అరిచే నాన్న, ఆ రోజు చప్పుడు లేకుండా చొక్కా వేసుకుని బయటికెళ్ళిపోయారు. గంటలో కొత్త రీలు పట్టుకుని తిరిగొచ్చారు. మంచం మళ్ళీ గోడకి నిలబెట్టారు. "కూకో సత్యా" అన్నారు.

అత్త ఓణీ చెంగు నడుముకి గట్టిగా దోపుకుంది. "వదినా, పళ్ళెం ఎట్టు" అంది. అమ్మ పళ్ళెం ఎత్తితే ఆ వెలుగు అత్త చెంప మీద కాసేపు అటూ ఇటూ ఊగింది. తరవాత నిలబడింది. అత్త కెమెరాలోకి సూటిగా చూసింది...

ఆ ఫొటో చూసి గేటు దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. సీటొచ్చింది. ఇప్పుడు మా అత్త ఒక పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు!

మొన్న గుర్తింపు కార్డుకి కొత్త ఫొటో కావాలని మధురవాడలో మా ఫ్లాట్‌కి వచ్చింది. మా అమ్మాయి ఫోనుతో చిటికెలో తీసేసింది. చూస్తే మచ్చ లేదు, ముడతల్లేవు. మేమెవరమూ చెప్పలేదు, ఫోనే చెరిపేసింది. అత్త కళ్ళజోడు సర్దుకుని "ఇదెవుర్తే?" అని పకపకా నవ్వింది.

సోఫాలో కూర్చున్న నాన్న మాత్రం నవ్వలేదు. వంటింటి వైపు చూపిస్తూ నాతో, "పళ్ళెం ఎక్కడుందో సూడమ్మా... తెచ్చి ఆ సెంపకి ఎట్టు" అన్నారు. మా అమ్మాయి ఫోనులో ఆ చెరిపేదేదో ఆపేసింది, ఈసారి పళ్ళెం నేను పట్టుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఒక స్టూడియో ఉంది... మనల్ని మనలాగే చూపించమని దాన్ని బతిమాలుకోవాల్సి వస్తోంది. మీ ఇంట్లో కూడా అలాంటి పాత ఫొటో ఉందా, మీ మనిషి ఉన్నది ఉన్నట్టుగా కనపడేది? ఉంటే ఏమీ దిద్దకుండా కింద కామెంట్లలో పెట్టండి. నాకు చూడాలనుంది.