మూతకి పెట్టిన సబ్బు

మొన్న ఆదివారం అరకులో టీ తాగుతుంటే, ఎవరో పర్యాటకుడు ముద్దుగా తుడిచి పెట్టుకున్న పాత అంబాసిడర్ కారు ఒకటి దుకాణం ముందు ఆగిపోయింది. అతను వెనక్కి వెళ్లి పెట్రోలు ట్యాంకు మూత తిప్పగానే, లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు హుస్సుమని వినబడింది. పాత కార్లతో తిప్పలు పడిన నా వయసు వాళ్లకి ఆ చప్పుడు తెలిసే ఉంటుంది గాని, నాకు మాత్రం అది ముప్పై ఏళ్ల కిందటి ఒక మధ్యాహ్నాన్ని నిమిషాలతో సహా తెచ్చి ముందు పెడుతుంది.

అప్పట్లో నేను రోడ్డు పనుల్లో కంకర కుప్పలు కొలిచేవాణ్ణి. పదో తరగతి తప్పినా, పొడవు వెడల్పు ఎత్తులతో లెక్క కట్టడం సొంతంగా నేర్చుకున్నాను కాబట్టి, కనబడిన ప్రతిదాన్నీ కొలిచి జేబులోని చిన్న పుస్తకంలో రాసుకోవడం అలవాటైంది. డుంబ్రిగుడలో అక్కావాళ్లింట్లో ఉండేవాణ్ణి. బావ కిరాయిలకు తిప్పే అంబాసిడర్‌లో పెట్రోలు ముల్లు ఎప్పుడో పనిచేయడం మానేసింది. అందుకని నేనే ఒక వెదురు పుల్లకి లీటరు లీటరుకీ గాటు పెట్టి ఇచ్చాను. ఆ పుల్ల అంటే బావకి వేళాకోళమే గాని, దాన్ని ముంచి చూడకుండా బండి తీసేవాడు కాదు.

అక్కకి తొమ్మిదో నెల. పెట్రోలు వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేసేది. ట్యాంకు నిండుగా ఉంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో మూతకున్న సన్నని రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మి కారంతా కంపుకొట్టేది. నొప్పులు మొదలైన రోజు, బిడ్డ కదలిక తనకి నచ్చడం లేదని, వెంటనే కొండ దిగి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని నర్సు చెప్పింది. బావ ట్యాంకు నిండా పోయించుకొచ్చాడు. నేను అక్క కోసమని బట్టల సబ్బు ముక్క నలిపి ఆ రంధ్రంలో కూరేశాను. ట్యాంకు ఎక్కడ కారినా మా వైపు సబ్బే మందు. పెట్రోలుకి అది కరగదు. ఆ సంగతి బావకి చెప్పాలని కూడా తోచలేదు.

పదకొండున్నరకి బయలుదేరాం. వెనక సీట్లో అమ్మ ఒడిలో తల పెట్టుకుని అక్క, ముందు బావా నేనూ. పది నిమిషాలకి కారు దగ్గి ఆగిపోయింది. ఇంజనుకి పెట్రోలు లాగే పంపు వేడెక్కిందని బావ నా చేత దానిమీద తడిగుడ్డ వేయించి, తను వెనక్కి వెళ్లి మూత తీసి పుల్ల ముంచి, పెట్రోలు ఉందని చూసుకుని వచ్చి స్టార్టు చేస్తే కదిలింది. మళ్లీ పన్నెండు నిమిషాలకి ఆగింది, ఆ తర్వాత పద్నాలుగుకి. ప్రతిసారీ తడిగుడ్డ, పుల్ల, ఆరారు నిమిషాలు. నా పుస్తకంలో ఒక వరసలో కారు ఆగిన నిమిషాలు, పక్క వరసలో అక్క నొప్పుల మధ్య నిమిషాలు రాస్తున్నాను. కారు వరస పెరుగుతోంది, అక్క వరస తరుగుతోంది: పదిహేను, పన్నెండు, తొమ్మిది. రెండో వరస చూడలేక పుస్తకం మూసి, మళ్లీ తెరిచేవాణ్ణి.

"ఏటి రాత్తన్నావురా? నీ లెక్కలతో నడిసీదైతే పెట్రోలెందుకు పోయించాను?" అన్నాడు బావ. నవ్వించడానికి అన్నాడే గాని తను నవ్వలేదు.

గాలికొండ ఎక్కే దారిలో నాలుగోసారి ఆగింది. నొప్పులు ఏడు నిమిషాలకి వచ్చాయి. పుల్ల ముంచడానికే రెండు నిమిషాలు పోతోందని, మహా అయితే మూడు లీటర్లు ఖర్చయి ఉంటుందని, చూడక్కర్లేదని నేను గట్టిగా చెప్పాను. బావ విన్నాడు. తడిగుడ్డ మాత్రం మార్చి స్టార్టు చేశాడు. కదల్లేదు. మరో గుడ్డ వేశాం. అమ్మ కొండదేవతకి మొక్కుకుంది. ఇరవై నిమిషాలు గడిచాయి, బ్యాటరీ నీరసించిపోతోంది.

"బేగి సెయ్యండి నాయనా, గుంట తట్టుకోలేకపోతంది" అంది అమ్మ, అక్క తల నిమురుతూ.

ముందు మూడుసార్లూ చేసి ఈసారి చేయనిది ఏమిటని వేళ్లమీద ఎంచాను. ఒక్కటే మిగిలింది. వెనక్కి పరుగెత్తి మూత తిప్పాను. హుస్సుమంది. వాడిన పెట్రోలు చోటులోకి గాలి పోయే దారిని నేనే మూసేశానని, నిండు ట్యాంకులో ఖాళీ తక్కువ గనక అంత తొందరగా బిగుసుకుపోయిందని, మూత తీసినప్పుడల్లా గాలి దొరికి పంపు లాగగలిగిందని, అప్పుడు అర్థమైంది.

అమ్మ గాజులకున్న పిన్నీసు అడిగి తీసుకుని సబ్బు పెకలించాను. బావ నా వెనకే ఉన్నాడు. సబ్బు ముక్కని చూశాడు, నన్ను చూశాడు, దాన్ని తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. లోపలికి వచ్చి, "పంపు వేడెక్కీసిందత్తా, ఇంక పరవానేదు" అన్నాడు.

ఆ తర్వాత కారు ఎక్కడా ఆగలేదు. మూడుకి అయిదు తక్కువకి ఆసుపత్రి గుమ్మంలో దిగాం, మూడూ ఇరవైకి మేనకోడలు పుట్టింది. పేగు మెడకి చుట్టుకుంది, ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదంది డాక్టరమ్మ. దారిలో నా వల్ల పోయినవి నలభై ఒక్క నిమిషాలు. ఆ రెండు సంఖ్యల్నీ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పలేను. బావ మాత్రం చనిపోయేదాకా పంపు మాటే చెప్పాడు.

ఇప్పుడు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. కార్లలో పెట్రోలు ఎంతుందో అంకెల్లోనే కనబడుతుంది, వెదురు పుల్ల చూపిస్తే పిల్లలు దేనికని అడుగుతారు. నెల కిందట మేనకోడలి కొత్త కారులో, అక్కతో కలిసి ఆ మలుపు దాటాం.

"ఇక్కడే గదరా మీ బావ పంపు మొండికేసింది" అంది అక్క. అవునన్నాను. చెప్పేద్దామని నోరు తెరిచేలోగా తనే అందుకుంది. "గుప్పుమని పెట్రోలు వాసనొచ్చింది, మరుక్షణం కారు కదిలింది. అప్పట్నించి ఆ కంపంటే నాకు పేణం లేచొత్తాది."

కిటికీ అద్దాలు బిగించి ఉన్నాయి. ఆ కారులో ఏ వాసనా లేదు.