గేటు గదిలో కూర్చోబెట్టిన మనిషి

2023 ఎండాకాలం. వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానకు నడిచిపోయేంత దూరంలో ఉన్న పార్కులో నేను గార్డుల ఇన్‌ఛార్జిని. పద్నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్నా నా దగ్గర ఉన్నవి రెండే, ఒక విజిల్, ఒక గొంతు. పూలు తెంపేవాళ్లను చూసి విజిల్ ఊదేవాణ్ణి. బెంచీల మీద సిగరెట్ తాగేవాళ్లను చూసి అరిచేవాణ్ణి. వాళ్లు నవ్వి, "నువ్వెవడివోయ్ చెప్పనీకి?" అనేవాళ్లు. ఆ మాట మనసులో పెట్టుకుని ఇంటికెళ్లి పిల్లల మీద చిరాకుపడిన రోజులు చాలానే ఉన్నాయి.

ఆ ఏడు పై ఆఫీసు వాళ్లు మమ్మల్ని పార్క్ రేంజర్లు అన్నారు. మూడు రోజుల శిక్షణ ఇచ్చి, భుజానికో బిళ్ల, నడుముకో బెల్టు, వాటితో పాటు కొన్ని పరిమిత అధికారాలూ ఇచ్చారు. పార్కులో నిప్పు పెట్టేవాళ్లను, చెట్లు నరికేవాళ్లను ఆపి పేరు, ఊరు అడగొచ్చు. వాళ్లు వాడిన సామాను స్వాధీనం చేసుకోవచ్చు, దానికి రాసే కాగితాన్ని సీజర్ మెమో అంటారు. మనిషిని పోలీసులు వచ్చేదాకా ఆపి ఉంచడాన్ని డిటైన్ చేయడం అంటారు. ఏది ఎప్పుడు చేయొచ్చో, ఎప్పుడు చేయకూడదో నాలుగు పేజీల ఆర్డర్‌లో రాసి ఇచ్చారు. నేను రెండో పేజీ దాకా చదివి, విషయం అర్థమైందనుకున్నాను.

మా పార్కులో పంపు గది వెనకాల ఒక మూల ఉంది. దవాఖానలో రోగుల వెంట వచ్చిన ఊళ్లవాళ్లు చెట్ల కింద పడుకుని, పొద్దున ఆ మూలన మూడిటికలు పెట్టి గంజి కాచుకునేవాళ్లు. తప్పే. కానీ మాకూ వాళ్లకూ ఒక ఒప్పందం ఉండేది. ఏడింటిలోగా పొయ్యి ఆర్పి, నీళ్లు చల్లి, బూడిద ఎత్తెయ్యాలి. ఆ ఇటికలు ఒకప్పుడు నేను తెచ్చి పెట్టినవే. బెల్టు వచ్చాక వాకింగ్‌కు వచ్చే పెద్దమనుషులు, "ఇంకా పొగేంది యాకూబ్? అధికారం ఇచ్చిండ్రు కదా!" అని నిలదీయడం మొదలుపెట్టారు.

రెండో వారంలో ఒక పొద్దున, ఏడు దాటాక, అక్కడ పొగ లేచింది. ముప్పై ఏళ్లలోపు మనిషి ఒకడు పొయ్యి ముందు కూర్చుని ఊదుతున్నాడు.

"ఏందిది? పార్కుల పొయ్యి పెడుతవా?"

"గంజి సార్. నా భార్య కాన్పుకచ్చింది. ఇంత తాగుతదేమోనని కాస్తాన. అయిపోయింది, ఆర్పేస్త."

"పేరు?"

"సారయ్య సార్. నెక్కొండ దగ్గర." అడగకముందే జేబులోంచి ఆధార్ జిరాక్స్ తీసి ఇచ్చాడు. మనిషి మెత్తన, మాట మెత్తన. వెనక వాకింగ్ వాళ్లు నలుగురు నిలబడి చూస్తున్నారు. గిన్నెలో గంజి పారబోయించి, గిన్నె, బియ్యం, అగ్గిపెట్టె అన్నీ అతని సంచిలోనే వేయించాను. మూతికి టేప్ చుట్టి దాని మీద సంతకం పెట్టి, మెమో రాశాను.

"సార్, ఫోన్ గూడ అండ్లనే ఉన్నది."

"పోలీసోళ్ల ముందే విప్పాలె. నడువ్."

నిజం చెప్పాలంటే, నాకు సంతోషమేసింది. వాకింగ్ వాళ్లలో ఒకాయన బొటనవేలు ఎత్తి చూపించాడు. పద్నాలుగేళ్లకు నన్ను "నువ్వెవడివి" అనని మనిషి దొరికాడు, అతన్ని పట్టుకుని నేను మీసం తిప్పుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సారయ్యను గేటు పక్కన రేకుల గదిలో కూర్చోబెట్టి పోలీసులకు ఫోన్ చేశాను. వస్తున్నాం అన్నారు. అరగంటైనా రాలేదు. గంటైనా రాలేదు. రేకు వేడెక్కుతోంది. సారయ్య మాటిమాటికీ లేచి దవాఖాన వైపు చూస్తున్నాడు. నేను గేటు దాకా పోతున్నాను, రోడ్డు చూస్తున్నాను, తిరిగొస్తున్నాను, మళ్లీ పోతున్నాను. అప్పుడు సంచిలో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

"సార్, నీ కాల్మొక్త. దవాఖాన నుంచే కావచ్చు. ఒక్కపారి ఎత్తనియ్యి."

"ఫికర్ జెయ్యకు, వాళ్లు అచ్చినంక మాట్లాడుదువు."

నా గొంతులో ఆ మాట నాకే నచ్చలేదు. అయినా టేప్ మీద సంతకం నాది. విప్పితే సామాను తారుమారు చేశానంటారని, ఉద్యోగం పోతుందని భయం. ఫోన్ నాలుగోసారి మోగుతుంటే గుమ్మంలోకి మల్లక్క వచ్చింది. పార్కు ఊడ్చే మనిషి, మా అమ్మ వయసు. సారయ్య మాటలు బయటినుంచే విన్నట్టుంది.

"ఓ యాకూబూ! గా ఫోన్ మోగి మోగి సత్తాంది. ఎత్తవేందిరా?"

"సీల్ ఏసిన అక్కా. విప్పితే నా నౌకరి మీదికొస్తది."

"నీ నౌకరి సల్లగుండ! ఆడ ఆడిపిల్ల నొప్పులు పడుతుంటే నీకు టేపు అడ్డమాయెనా? నీకు తల్లి లేదా?"

టేప్ పీకేశాను. ఫోన్లో సారయ్య అత్త ఏడుస్తోంది. పక్కనున్న నాకూ వినబడుతోంది. "యాడున్నవయ్యా? పెద్దాపరేషన్ అంటాండ్రు. సంతకం గావాలె, రక్తం తేవాలె అని చీటిచ్చిండ్రు. గంట సంది గా చీటి పట్టుకొని తిరుగుతాన, నాకు సదువు రాదాయె. జల్ది రా కొడుకా."

సారయ్య నా స్కూటర్ వెనక కూర్చుని, "జర తేజ్ పోనియ్యి సార్" అన్నాడు, అంతే. సంతకం అయింది, రక్తం దొరికింది, ఆపరేషన్ జరిగింది. తల్లికి ప్రమాదం తప్పింది. పాప పుట్టగానే ఏడవలేదు. అద్దాల గదిలో పెట్టారు. "ఇంకాస్త ముందే కావాల్సింది" అని నర్సమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. ఎంత ముందు అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రం మెమో పట్టుకుని స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సై నిదానంగా చదివి ఒక గడి దగ్గర వేలు పెట్టాడు. ఆ గడి పేరు 'సదరు వ్యక్తి ఇచ్చిన వివరణ'. దాని ఎదురుగా 'ఏమీ లేదు' అని ఉంది.

"ఏం చెప్పలేదా అతను?"

"చెప్పిండు సార్."

"మరి ఇదేంది?"

టైం కలిసొస్తుందని ముందురోజే పుస్తకంలో మెమోలన్నిటికీ ఆ గడి నింపిపెట్టాను. మనిషి ఇంకా దొరకనే లేదు, అతను ఏమీ చెప్పలేదని రాసేశాను. ఆఫీసుల్లో ఫారాలు నింపే మనందరికీ ఉన్న అలవాటే ఇది. ఎస్సై నా జేబులోని ఆర్డర్ అడిగి తీసుకుని మూడో పేజీ తిప్పాడు. "పేరు, ఊరు చెప్పనోణ్ణే కూసోబెట్టాలె. ఆధార్ ఇచ్చినోణ్ణి రాసుకొని పంపియ్యాలె. ఇది నువ్వు సదవలేదా?"

నాకు నోటీసు వచ్చింది. జవాబులో ఏదీ దాచకుండా రాశాను. ఉద్యోగం పోలేదు, నిద్ర పోయింది. రోజూ డ్యూటీకి ముందూ తర్వాతా దవాఖానకు వెళ్లి, అద్దాల గది బయట నిలబడి, పాప ఎలా ఉందని అడిగేవాణ్ణి. "చూడాలె" అనేవాళ్లు. ఒకరోజు పాలు తాగిందన్నారు. ఒకరోజు మళ్లీ ఊపిరి కష్టమైందన్నారు. ఆ రోజు స్కూటర్ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ అడిగాను. పదోరోజు పాప గట్టిగా ఏడ్చిందని మల్లక్కే వచ్చి చెప్పింది. ఆమె కూడా రోజూ వెళ్తోందని అప్పుడు తెలిసింది.

డిశ్చార్జి అయిన రోజు వాళ్లు మా పార్కు వైపు వచ్చారు. అత్త చేతిలో మూట, భార్య చేతుల్లో తువ్వాలలో చుట్టిన పాప. రైలుకు ఇంకా టైముంది, ఎండ మండిపోతోంది. గేటు బార్లా తెరిచి ఉంది. జనం వస్తున్నారు, పోతున్నారు. సారయ్య మాత్రం గేటు బయటే ఆగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకున్నాడు.

"సార్... జరసేపు నీడకు కూసుంటం. లోపటికి రావచ్చా?"

అన్ని రోజులు ఆ చెట్ల కిందే పడుకున్న మనిషి. ఎవరినీ అడగాల్సిన పనిలేని చోట అనుమతి అడగడం అతనికి నేర్పింది నేనే.