మేడ మీద తెల్ల పంచెలు

డెబ్బైల నాటి మాట. మా మరిది రేవులో ఓడలకు రంగులేసేవాడు. సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసేవాడు. ఒకసారి పెద్ద సరుకుల పెట్టె చెక్క మీద రేవు బొమ్మ వేశాడు. ముందు మా వీధి మేడలు, వెనక నీళ్లు, ఎర్ర ఓడ, కొండ. నెల్లాళ్లు పట్టింది. అయ్యాక చూపిస్తే మా ఆయన బాగుందన్నారు, అత్తగారు బాగుందన్నారు, నేనూ పొయ్యి దగ్గర నుంచే తల తిప్పి బాగుందన్నాను. అతని మొహం వాడిపోయింది.

“వదినా, నువ్వు నా సొక్కానీ బాగుందంటావు, పులుసునీ బాగుందంటావు. ఇది సూసి సెప్పు. నేకపోతే ఆదివారం దీనికి సున్నం కొట్టి నీళ్లగదికి తలుపు బిగించేత్తాను.”

అన్నంత పనీ చేసే మనిషి. ఆ గదికి అప్పటిదాకా గోనెపట్టాయే తలుపు. కొలత కూడా సరిపోతుందని అత్తగారు సంతోషించారు. నాకు మాత్రం దిగులేసింది. నెల్లాళ్ల కష్టం సున్నం కింద పోతుంది. నాకేమో బొమ్మ చూడటమే రాదు. మా ఇంట్లో పటమంటే దేవుడిదే, దండం పెట్టుకోవడమే తెలుసు. ఆ సంగతే చెప్పి, ఎలా చూడాలో నేర్పమన్నాను.

అతను నా చేతిలోని చేట చూపించాడు. బియ్యం ఏరేటప్పుడు చేటంతా ఒక్కసారే చూస్తావా, గుప్పెడు గుప్పెడు జరుపుకుంటూ కదా, దీన్నీ అలాగే చూడమన్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఆ చెక్క ముందు కూర్చున్నాను. మొదటి రోజు ఒట్టి ఆకాశమే. నీలమనుకున్నాను గాని, అడుగున వంకాయ రంగు ఉంది. రెండో రోజు నీళ్లు. ఓడ ఎరుపు వాటిలో ముక్కలై, ఊట మీద ఆవకాయ ముక్కల్లా తేలుతోంది. దగ్గరికెళ్తే అవి కుంచె గీతలే. గుమ్మం దాకా వెనక్కి నడిస్తే మళ్లీ నీళ్లయ్యేవి. నాకు భలే సరదా పుట్టింది. నేను ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే, ఈ పిల్లకు దిష్టి తీయాలేమో అన్నారు అత్తగారు.

శనివారానికి మేడల దగ్గరికొచ్చాను. మా మేడ మీద తెల్ల పంచెలు ఆరేసి ఉన్నాయి. ఓడ పొగ చూస్తే మా ఇళ్ల వైపే వస్తోంది. గతుక్కుమన్నాను. చెబితే నొచ్చుకుంటాడేమో, చెప్పకపోతే చూడలేదనుకుంటాడు. అతను పని నుంచి రాగానే అడిగేశాను.

“ఏటి మరిదీ, గాలి రేవు మీంచి ఇటే తోల్తంటే తెల్ల పంచెలు ఆరేసిన దద్దమ్మ ఎవులు? రేవులో పోసిన ఇనప రాయి దుమ్ము పడితే ఎర్రగా అయిపోవా? మన ఈదిలో ఏ ఆడదైనా ఆరేత్తదా?”

అతను వంగి పొగను చూశాడు, పంచెల్ని చూశాడు. తర్వాత పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

“సూసేవు వదినా. నిజంగా సూసేవు.”

ఆదివారం పొగను సముద్రం వైపు తిప్పడానికి కూర్చున్నాడు. నేను పక్కనే పీట వేసుకుని, పొగ తిరిగాక ఓడ మీది జెండా తిరగొద్దా అన్నాను. జెండా తిప్పాడు. పంచెలూ అటే ఎగరాలన్నాను. అతను విసుక్కుని కుంచె నా చేతిలో పెట్టాడు. ఒక పంచె అంచు నేనే తిప్పాను. కాస్త వంకరొచ్చింది గాని, గాలి మాత్రం సరైన వైపే వీచింది.