సత్తమ్మ, మరియం ఆకు, ఒక మేక

శామీర్‌పేటలో ఆ కాలాన పుట్టినవాళ్ళలో సగంమంది ఈ లోకంలో మొట్టమొదట చూసిన ముఖం మంత్రసాని సత్తమ్మది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కాళ్ళు కడుక్కునేది, తర్వాత చేతులు, ఆ తర్వాతే మాట. కాన్పు చేసేటప్పుడు ఎల్లమ్మ తల్లిని తలచుకునేది. సాయిబుల ఇంట్లో అయితే, "మీ దేవున్ని మీరు పిలువుండ్రి, మా తల్లిని నేను పిలుస్త. ఎవరు ముందొస్తె వాళ్ళే పట్టుకుంటరు బిడ్డను" అనేది. నొప్పులు పడుతున్న తల్లికి కూడా ఆ మాటకు నవ్వొచ్చేది.

పెద్ద యుద్ధం ముగిసి ఏడాది దాటాక, చింతపండు వ్యాపారి అమీర్ అలీ హజ్ యాత్ర చేసి వచ్చాడు. మేడ్చల్‌లో రైలు దిగి బండి కట్టించుకుని వస్తుంటే ఊరంతా ఎదురు వెళ్ళింది. మక్కాలోని జంజం బావి నీళ్ళు, ఖర్జూరాలు ఇంటింటికీ పంచాడు. సత్తమ్మకు మూడు ఖర్జూరాలు వచ్చాయి. ఒకటి తిని, రెండు ఎల్లమ్మ ముందు పెట్టింది.

ఆయన సంచిలో ఇంకా ఒక ఆకు మూట, వేలెడంత సీసాలో ఆ ఆకు నూనె ఉన్నాయి. మదీనాలో ఆయన గొంతు పూడుకుపోతే, పక్క బసలో దిగిన సిరియా వైపు షామ్ దేశపు ముసలాయన ఆ ఆకు కాచి పుక్కిలింపజేశాడట. రెండు రోజుల్లో గొంతు విచ్చుకుందట. బూడిదరంగు ఆకు. మీద పిల్లి చెవి మీద ఉన్నట్టు మెత్తని నూగు. నలిపితే కర్పూరంలాంటి ఘాటు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని సేజ్ అంటారట, అక్కడివాళ్ళు మాత్రం ఏసును కన్న మరియం తల్లి పేరుతో పిలుస్తారట.

ఆ పేరు వినగానే ఆయన భార్య కనీజ్ బీ మూటను కళ్ళకద్దుకుంది. మరియం పువ్వు సంగతి ఆమెకు తెలుసు. ఏనాడో ఒక హాజీ తెచ్చిన ఎండుపువ్వు అది, మూసిన పిడికిలిలా ఉంటుంది. నొప్పులు మొదలవగానే నీళ్ళలో వేస్తే మెల్లగా విచ్చుకుంటుంది, అది విచ్చుకుంటే కాన్పు సుళువవుతుందని నమ్మకం. పువ్వు కాన్పుకైతే ఆకు పాలకే అయి ఉంటుందని కనీజ్ బీ తీర్మానించింది. కోడలు మజీదాకు మొదటి కాన్పై నలభై రోజులు. మర్నాటి నుంచి రోజుకు మూడు గ్లాసుల కషాయం.

ఎనిమిదో రోజు సత్తమ్మకు కబురొచ్చింది. పిల్లవాడు రొమ్ము పట్టి రెండు గుక్కలు లాగి ఏడుస్తున్నాడు. మజీదా కళ్ళు వాచి ఉన్నాయి. "నాకు పాలు లేవు అవ్వా. నా కొడుకు ఎట్ల బతుకుతడు?" అంది.

"నేనుండంగ నీకు పరేషానేంది బిడ్డా?" అని సత్తమ్మ వెల్లుల్లి కారం, మెంతికూర, పాలు పోసిన జొన్న గటుక పెట్టించింది. రెండు రోజులు గడిచినా మార్పు లేదు. పక్కింటి దుర్గాబాయి తన బిడ్డతో పాటు వీడినీ ఒళ్ళో వేసుకుని పాలిచ్చింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పుకోలేదు. కానీ ఇద్దరికి ఒక్క తల్లి పాలు ఎన్నాళ్ళు చాలుతాయి?

మూడో రోజు పొద్దున సత్తమ్మ వెళ్ళేసరికి కనీజ్ బీ కోడలి కషాయం వడకట్టి, మిగిలిన పిప్పిని మేకకు తినిపిస్తోంది.

"గదేంది బీ, మేకకు పెడుతున్నవ్?"

"పాక్ ఆకు సత్తమ్మా, మరియం తల్లిది. కుప్పల పారేస్తె కాళ్ళ కింద పడదా? గందుకే రోజు దీనికే పెడుతున్న. ఏం లాభం? చాయ్‌కు గూడ పాలిస్తలేదు ముండ. మా ఇంటికి దిష్టి తగిలింది."

సత్తమ్మ మేక పక్కన కూర్చుని పొదుగు తడిమింది. ఖాళీ. ఈనిన మేకే. పక్కన పిల్ల అరుస్తోంది. మజీదా తినేది గటుక, మేక మేసేది తుమ్మకాయలు. ఇద్దరి కడుపులోకీ పోతున్నది ఆ ఆకు ఒక్కటే.

కానీ ఎలా చెప్పడం? అంత దూరం నుంచి గుండెకు హత్తుకుని తెచ్చినదాన్ని, మంత్రసాని నోటితో తప్పు పట్టడమా? "తల్లీ, మాటియ్యి" అని ఎల్లమ్మను తలచుకుంది. లోపల పిల్లవాడు మళ్ళీ గుక్కపట్టాడు. సత్తమ్మ లేచి నేరుగా అమీర్ అలీ కూర్చున్న అరుగు దగ్గరికి వెళ్ళింది.

"హాజీ సాబ్, మీ ఆకు చెడ్డదని నేనంటలే. ఉప్పు చెడ్డదా? పుండు మీద పెడితె మండుతది. నాలుగొద్దులు కోడలికి ఆపుండ్రి, మేకకు గూడ. పాలు దిగకుంటె నన్ను మళ్ళ గడప తొక్కనియ్యకుండ్రి."

"యా అల్లా! మరియం తల్లి ఆకును మేకతోని కొలుస్తున్నవా?" అని కనీజ్ బీ కస్సుమంది.

అమీర్ అలీ గడ్డం నిమురుకున్నాడు. "గా ముసలాయన నా గొంతుకిచ్చిండు కనీజ్. కోడలికి పెట్టుమని ఆయన అనలే, నేననలే."

"వద్దని గూడ అనకపోతిరి!"

ఆయన నవ్వి, ఎందుకైనా మంచిదని బండి కట్టించుకుని మేడ్చల్ హకీం సత్తార్ దగ్గరికి వెళ్ళాడు. హకీం ఆకు వాసన చూడగానే పోల్చుకున్నాడు. గొంతుకు, చిగుళ్ళ వాపుకు, చెమటలు ఎక్కువ పోసేవాళ్ళకు మంచిదేనట. కానీ పాలు ఎండగడుతుందట. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టనే కూడదట. నూనె మరీ పొగరుదట. నువ్వులనూనెలో ఒక చుక్క కలిపి మోకాళ్ళకు రాసుకోవచ్చు గానీ, నాలుక మీద వేస్తే మూర్ఛ రప్పించగలదట.

ఆయన వచ్చి చెబుతుంటే కనీజ్ బీ నూనె సీసాను దూరంగా నెట్టింది. "వచ్చే శుక్రవారం జుమ్మాకు బిడ్డ నాలుక మీద ఒక చుక్క ఏద్దామనుకున్న సత్తమ్మా!"

సత్తమ్మ ఆమె చేయి పట్టుకుంది. "ఎయ్యలే గద బీ. తల్లి ఆపింది. మీ తల్లో మా తల్లో, మనకెందుకు?"

ఆకు ఆపిన నాలుగో రోజు పొద్దున సందులో కేక. కనీజ్ బీ కొంగు జారుతున్నా పట్టించుకోకుండా చెంబుతో ఉరికి వస్తోంది. "సత్తమ్మా! మేక చేపింది!"

"కోడలో?"

"నువ్వొచ్చి సూడు!"

మజీదా ఒళ్ళో పిల్లవాడు గుటక గుటకకూ గురగురమంటూ తాగుతున్నాడు. పాలు పెదవి పక్క నుంచి కారుతున్నాయి. మధ్యలో పొరపోయి తుమ్మాడు. దుర్గాబాయి గడపలో నిలబడి, "ఇగ నా దగ్గరికి రాడేమో నా కొడుకు" అంటే, "పాలిచ్చినంక నీ కొడుకు గాకుంట పోతడా?" అని మజీదా నవ్వింది.

ఆ సాయంత్రం అమీర్ అలీ మూటలో సగం ఆకును ఒక రేకు డబ్బాలో పోసి సత్తమ్మ చేతిలో పెట్టాడు. "ఎవరికియ్యొద్దో నీకెరుక. నీ దగ్గర ఉండనీ."

ఆ డబ్బా ఊరికే ఉండలేదు. విజయమ్మ కూతురికి నాలుగేళ్ళు వచ్చినా పాలు మానలేదు. రొమ్ముకు వేపాకు ముద్ద పూస్తే, తల్లి కొంగుతోనే తుడిచి తాగేది. సత్తమ్మ ఇచ్చిన కషాయం ఐదు రోజులు తాగేసరికి పాలు ఎండిపోయి విజయమ్మ బతికి బయటపడింది.

హాజీ సాబ్ మాత్రం చలికాలం గొంతు పట్టేసినప్పుడల్లా ఆ ఆకుతో పుక్కిలించేవాడు. పిప్పిని కనీజ్ బీ ఎవరి కాలూ తగలకుండా గులాబీ చెట్టు మొదట్లో వేసేది. మేక తాడు తెంపుకునేంతగా మెడ చాచేది.

"నోరు మూసుకోయే," అనేది కనీజ్ బీ. "చాయ్‌కు పాలు గావాలె."