నీళ్లు తాగిన పడవ

నాకు నీళ్లంటే భయం. ఆలూరు పక్క పల్లెలో పుట్టినదాన్ని. మా ఊర్లో నీళ్లు బిందెలో ఉండేవి, మహా అయితే తొట్టిలో ఉండేవి. అంతకు మించిన నీళ్లను నేను నమ్మను. అలాంటి నన్ను తీసుకొచ్చి పడవల పిచ్చి ఉన్న మనిషికి కట్టబెట్టారు.

మా ఆయనది కృష్ణ ఒడ్డున ఊరు. పెళ్లయ్యాక కల్లూరులో తలుపులు, కిటికీలు చేసే షాపు పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు షాపు మూసి యాత్రకు పోదామంటాడు. పెద్ద పెద్ద చర్చీలు చూడొచ్చని నేను మంచి చీరలు సర్దుకుంటాను. తీరా పోతే సముద్రం పక్కన ఏదో పడవల మ్యూజియం. మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన పడవలు, మనిషి ఎత్తు దాటిన చెక్కపడవలు దిమ్మెల మీద నిలబెట్టి ఉంటాయి. నేను గుమ్మం దాటను, అక్కడి నుంచే చూస్తాను. నేల మీదున్నా పడవ పడవే కదా.

ఆయన మాత్రం ఒక్కోదాని దగ్గర గంటసేపు నిలబడతాడు. బల్లకూ బల్లకూ మధ్య సందున వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా జరుపుతాడు. ఒకచోట పడవ కింద దూరి వెల్లకిలా పడుకుంటే కాపలా మనిషి వచ్చి కసిరాడు. ఎండి విచ్చుకున్న సందుల్లోంచి వెలుతురు ఆయన ముఖం మీద సన్నగా పడుతోంది. వడ్రంగి కదా, పనితనం చూసి మురిసిపోతున్నాడనుకున్నాను.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టేటోళ్లను చూసినా గానీ, ఇన్ని పడవలు చూసి ఒక్కదాంట్లోనూ కాలు పెట్టని మనిషివి నువ్వే" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు.

పోయినేడు వానలు ముసురుపట్టిన రోజుల్లో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. ఆయన అక్క చనిపోయింది. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి పెంచి మనిషిని చేసింది ఆమే. సాయంత్రం లోపల మట్టి చేస్తామన్నారు. ఆమె ఊరు నదికి అవతల ఉంది. ఎప్పుడు పోయినా బస్సులో చుట్టు తిరిగే పోయేవాళ్లం. నా భయం చూసే ఆయన అలా తీసుకెళ్తున్నాడనుకునేదాన్ని. ఆ రోజు వానకు ఆ రోడ్డు తెగిపోయింది. ఇక మిగిలింది ఆయన పుట్టిన ఊరి రేవు ఒక్కటే.

రేవుకు పోతే పడవ కనబడలేదు. పడవాయన నీళ్లలోకి చూపించాడు. అడుగున, రాళ్ల బరువు కింద పడుకుని ఉంది.

"ఏమప్పా, మునిగిపోయుండాదే!"

"మునగలేదమ్మా, నేనే ముంచినా. ఎండాకాలమంతా ఒడ్డున పడుండె, బల్లలు ఎండి సందులు పడినాయి. నీళ్లు తాగి ఉబ్బితే మూసుకుంటాయి. ఇంగా తాగల్ల గానీ, మీ తొందర చూస్తే ఏం జేసేది?"

రాళ్లు తీసి, పడవను పక్కకు వంచి, నీళ్లు తోడాడు. నల్లగా, జారుతూ పైకి లేచింది. నేను మా ఆయన వైపు తిరిగాను. ఒడ్డునే నిలబడిపోయాడు.

"నువ్వు పో. నేను రాలేను."

"ఏమయ్యా, పోయింది మీ అక్క! పడవలంటే ప్రాణం గదా నీకు?"

"ప్రాణం కాదే, భయం. అవి యాడ కారుతాయో చూస్తాంటి. ఇన్నేండ్లూ అదే చూస్తాంటి."

చిన్నప్పుడు అక్కతో నది దాటుతుంటే నడిమధ్యలో బల్లల సందు విచ్చుకుందట. అక్క ఓణీ చింపి అందులో కుక్కి, ఒడ్డు చేరేదాకా వేలితో అదిమి పట్టుకుందట. ఆ తర్వాత ఆయన పడవ ఎక్కలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నాకు చెప్పలేదు.

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే, ప్రభువా అనుకుంటూ ముందు నేనే ఎక్కాను. పడవ ఊగింది. చెయ్యి చాపాను.

"రా. మీ అక్క మొగం చూడకపోతే బతికినన్నాళ్లూ ఈ ఒడ్డునే నిలబడుంటావు."

కళ్లు మూసుకుని ఎక్కాడు.

నది మధ్యకు పోయేసరికి ఆయన కాళ్ల దగ్గర నీళ్లు ఊరాయి. "ఇంగా తాగుతాండాది. డబ్బాతో తోడమ్మా" అన్నాడు పడవాయన, తెడ్డు ఆపకుండా. నేను తోడుతున్నాను, ఏడుస్తున్నాను, ప్రార్థన చేస్తున్నాను. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. మా ఆయన వంగి, మ్యూజియంలో జరిపినట్టే వేలు జరుపుతూ పోయి ఒకచోట ఆపాడు. తువ్వాలు చింపి సందులో కుక్కి వేలితో అదిమాడు. ఊట మెల్లగా తగ్గింది.

"నిలిచిపాయ గదప్పా, వేలు తియ్యి" అన్నాడు పడవాయన. మా ఆయన అవతలి ఒడ్డు తగిలేదాకా తియ్యలేదు.

మేము పోయేసరికి శవపెట్టె ఇంకా మూయలేదు. అక్క ముఖం చూసుకున్నాడు. తర్వాత సమాధుల దొడ్డికి తీసుకుపోయాం. ముసురుకు గోతి అడుగున నీళ్లు ఊరుతున్నాయి. పెట్టెను దించబోతుంటే ఆయన "ఉండండప్పా" అని అడ్డం వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, పెట్టె బల్లల సందున వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా జరిపాడు.

పాస్టరుగారు నా వైపు చూశారు. కాసేపు ఆగమని చెప్పి, నా పైట కొంగు చింపి మా ఆయన చేతికిచ్చాను.