చిల్లుల రెక్క

ఈ రోజు బడిలో ఒక తప్పు చేశాను. సైన్స్ ప్రదర్శనకు నమూనాలు ఎంపిక చేస్తూ, తొమ్మిదో తరగతి రమ్య తెచ్చిన అట్ట రెక్కను పైకెత్తి, "గిన్ని చిల్లులు పెట్టినవ్, ఇది విమానమా, ఇడ్లీ పాత్రనా?" అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆమె ఏదో చెప్పబోయింది. వినకుండానే జాబితాలో పేరు కొట్టేశాను. ఆమె వెలిగించకుండా వదిలేసిన అగరుబత్తీల కట్ట నా బల్ల మీదే ఉండిపోయింది. సాయంత్రం ఆ వాసన తగలగానే గోదావరిఖనిలోని మా పాత క్వార్టర్ కళ్ల ముందుకొచ్చింది.

మా నాయన భూగర్భ గనిలో పరదాలు కట్టేవాడు. బొగ్గు తవ్వేచోటికి మంచిగాలి మళ్లేలా సొరంగాల్లో మందపాటి గుడ్డలు వేలాడదీయడం ఆయన డ్యూటీ. దసరాకు అమ్మ బొగ్గుల పొయ్యి మీద గారెలు కాలుస్తుంటే నువ్వులు, ఉల్లికాడలు, కాగిన నూనెల వాసనతో కలిసి పొగ ఆ ఒక్క గదిలో కళ్లు మండేలా సుడులు తిరిగేది. అప్పుడు నాయన అగరుబత్తీ వెలిగించి, గాలి ఎటు పోతుందో చూసి, అమ్మ పాత చీరను వాకిట్లో ఏటవాలుగా కట్టేవాడు. పొగంతా దారి దొరికినట్టు కిటికీలోంచి వెళ్లిపోయేది.

ఒక దసరా నాడు గారెలు తింటూ దోస్తులందరం ఎవరి నాయన గొప్పో చెప్పుకుంటున్నాం. "మా నాయనది ఏముంది, గుడ్డలు కట్టుడే," అని నేనే ముందు నవ్వాను. వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న నాయన విన్నాడు.

"గుడ్డ గాదు కొడుకా, గాలికి తోవ. అది లేకుంటె కింద మనుషులకు ఊపిరాడది," అన్నాడు మెల్లగా. మళ్లీ ఎప్పుడూ మా ముందు తన పని మాట ఎత్తలేదు. ఆ నవ్వుకు నేను క్షమించమని అడగకముందే పోయాడు.

రమ్య కూడా పొగతో గాలి దారి చూపించాలనే వచ్చిందని అప్పటికి గానీ నాకు తట్టలేదు. వెంటనే ఆ కట్ట పట్టుకుని రమ్య ఇంటికి షేర్ ఆటో ఎక్కాను. దారిలో చూస్తే, నాయన దిగిన గని మూతపడి ఉంది. మేమున్న క్వార్టర్ల వరుసలో కప్పులు లేని గోడలే మిగిలాయి.

గుమ్మంలో రమ్య అవ్వ ఎదురైంది. "ఏమన్నరు సారూ? పిల్ల బువ్వ ముట్టుతలేదు."

"తప్పు నాదే అవ్వా," అన్నాను.

రెక్క రెండు ముక్కలై మూలన పడి ఉంది. టేపు వేసి రమ్యా నేనూ అతికించాం. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి అగరుబత్తీ వెలిగించాం. పొగ రెక్క సగం దాకా జారి, అక్కడ విడిపోయి సుడులు తిరిగింది.

"ఈ సుడులే విమానాన్ని ఎనకకు గుంజుతయి సార్. గందుకే ఆయిల్ ఎక్కువ తాగుతది," అంటూ రెక్క లోపలి చిన్న ఫ్యాను వేసింది. చిల్లులు గాలిని పీల్చుకోగానే పొగ రెక్కను అంటిపెట్టుకుని చివరిదాకా జారిపోయింది.

"ఇంకోపారి చూస్తరా?"

"చూస్త బిడ్డా."

జేబులోంచి జాబితా తీసి, కొట్టేసిన గీత పక్కనే ఆమె పేరు మళ్లీ రాశాను. రేపు అదే క్లాసు ముందు, నా తప్పు చెప్పుకుని, అగరుబత్తీ నేనే పట్టుకుంటానని మాటిచ్చాను.